నలభై ఒకటో నంబరు రాతప్రతి

"కంగారు పడకు. తలుపుకు కాస్త దూరంగా నిలబడు. నేనిక్కడే ఉన్నాను," అన్నాడు తండ్రి, మూసి ఉన్న తలుపుతో.

అలవాటు కొద్దీ నోటికొచ్చిన మాటలు. ఇరవై ఆరేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషి, మూసిన తలుపు ముందు ఇంకో రకంగా మాట్లాడటం నేర్చుకోలేదు. అవతల ఉన్నది పరాయివాళ్ళయితే ఈపాటికి "సరేనండీ" అని ఊపిరి పీల్చుకునేవారు. సొంత కూతురు కాబట్టి ఆయనకు ఆ మర్యాద దక్కలేదు.

"నేనేం ఇరుక్కోలేదు నాన్నా. గడియ నా వైపే ఉంది."

గురువారం మధ్యాహ్నం నుంచి ఈ ఆదివారం మధ్యాహ్నం దాకా ఆ పిల్ల ఇంట్లో మాట్లాడిన మొదటి మాట అది. శుక్ర, శనివారాలు ఆఫీసుకు వెళ్ళింది, వచ్చింది, గడియ పెట్టుకుంది. ఆయన మొహం విప్పారింది.

"పోనీ తియ్యొచ్చుగా పిచ్చుకా."

"మామయ్య వచ్చాక తీస్తాను."

"మామయ్య నాలుగింటికి వస్తానని ఫోను చేశాడు కదా. ఈలోపు భోజనం?"

"ఆకలి లేదు."

"నీకెప్పుడుంది గనక," అన్నాడాయన. తిండి పిచ్చుకంత తింటుందనే చిన్నప్పుడు ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు దానికి ఇరవై మూడేళ్ళు. పటాల ఆఫీసులో కూర్చుని వీధులూ వాగులూ గీసే ఉద్యోగం చేస్తోంది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

లోపల సంచి జిప్పు లాగిన చప్పుడు వినిపించింది. ఆయన నవ్వు కిందికి జారిపోయింది.

"నిజంగానే మామయ్య వాళ్ళింటికి వెళ్ళిపోతావా?"

జవాబుగా ఇంకో జిప్పు చప్పుడైంది. ఆయన తలుపు మీద అరచెయ్యి ఆనించాడు. తీగలూ మోటార్లూ అయితే ఎక్కడ చెడిందో వేలు పెట్టి చూపించగలడు.

వరండా చివర కిటికీ గదిలో కూర్చుని ఇదంతా వింటోంది ఆయన భార్య, దెయ్యాల మేడం.

ఆవిడకు ఆ పేరు పెట్టింది ప్రచురణ సంస్థ గుమాస్తాలు. అచ్చు కోసం వచ్చే నవలల్లో ప్రేమలూ కుటుంబాలూ ఒకరికి, నేరాలూ కోర్టులూ ఇంకొకరికి పంచేసి, దెయ్యాలవీ పాడైపోయిన రేపటి లోకాలవీ ఈవిడ ఇంటికి పంపుతారు. చదివి అభిప్రాయం రాయడం ఆవిడ పని. పందొమ్మిదేళ్ళుగా అదే పని. రాతప్రతి మీద రచయిత పేరుండదు, నంబరుంటుంది. అభిప్రాయం కింద చదివినవారి పేరుండదు, మూడు గడులుంటాయి: వేయవచ్చు, మార్చి వేయవచ్చు, వద్దు. ఒక గడిలో టిక్కు పెట్టి పంపితే, ఆఫీసువాళ్ళు ఆ కాగితాన్ని టైపు చేయించి రచయితకు పంపిస్తారు. ఎవరు ఎవరిని తిట్టారో ఎవరికీ తెలియని చక్కటి ఏర్పాటు.

గురువారం పిచ్చుక పేరిట వచ్చిన కవరు అలాంటిదే, పిచ్చుక రాసిన నలభై ఒకటో నంబరు నవల మీద అభిప్రాయం. భోజనాల బల్ల దగ్గర పిచ్చుక దాన్ని చించింది, చదివింది, నాలుగు మడతలు పెట్టి తెచ్చి మేడం కంచం పక్కన పెట్టింది. గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది. అంతే. ఒక్క గిన్నె పగల్లేదు, ఒక్క కేక వినపడలేదు. ఆ ఇంట్లో గొడవలన్నీ అలాగే జరుగుతాయి.

ఆ కాగితంలో మూడే ముక్కలున్నాయి. మూడూ మేడం రాసినవే.

"ఇందులో దెయ్యం నోరు విప్పదు, కనుక దాని బాధ పాఠకులకు పట్టదు. ఈ ఊళ్ళో బట్టలు ఎవరు ఉతుకుతున్నారో రచయితకు తెలిసినట్టు లేదు. వద్దు."

ఇప్పుడు ఆవిడ ఒళ్ళో నలభై ఆరో నంబరు ఉంది. నిద్రకు రేషను పెట్టిన ఒక నగరం కథ. మనిషికి రోజుకు మూడు గంటల నిద్ర, అంతకు మించి కన్ను మూస్తే జరిమానా. తొమ్మిదో పేజీ దగ్గర ఆవిడ గంటసేపటి నుంచి ఆగిపోయింది. బయట మబ్బు పట్టి ఉంది. గాలికి కాగితం అంచు లేచి పడుతోంది, లేచి పడుతోంది. ఆ నగరంలో జనం నిలబడే కునుకు తీస్తున్నారు, వీధి దీపాలకు ఆనుకుని, ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు. చదువుతున్నదేదో కంటున్నదేదో ఆవిడకు సరిగ్గా తెలియడం లేదు. ఆ నిద్రపోయే జనంలో ఒక పిల్ల కళ్ళు తెరిచి తనవైపే చూస్తున్నట్టు అనిపించి ఉలిక్కిపడింది. కాగితంలో అలాంటి పిల్ల లేదు.

ఈ రకం నవలల మీద ఆవిడకు గట్టి అభిప్రాయాలున్నాయి. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ భోజనాల దగ్గర చెప్పేది. దెయ్యం తలుపులు దడదడలాడించిందంటే రాసినవాడికి బద్ధకమని అర్థం. తలుపు తీయడం చేతకాని దెయ్యమే అసలైన దెయ్యం. మనుషులు దాన్ని చూసి భయపడటం సరే, ముందొచ్చి ఉంటున్నది అది, మనుషులను చూసి అది ఎంత హడలిపోవాలి? మంచి దెయ్యాల నవల చదివితే ఒళ్ళు జలదరించకూడదు, పక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టుండాలి. లేచి వెళ్ళిపోతారేమోనని మనమే కదలకుండా ఉండాలి.

ఇక రేపటి లోకాలు. అన్నిట్లోనూ ఒక పెద్ద గోడ, గోడ మీద కెమెరాలు, కింద బూడిదరంగు బట్టల్లో జనం. చివర్లో ఎవడో కుర్రాడు గోడ పడగొడతాడు. "గోడ కూలింది, బాగానే ఉంది. మర్నాడు పొద్దున్న ఆ ఊళ్ళో పాలు ఎవరు పోశారు? ఆ బూడిదరంగు బట్టలు ఇన్నాళ్ళూ ఎవరు ఉతికారు? లోకం పాడవడమంటే బాంబులు పడటమా? ఉతికేవాళ్ళు ఎవరికీ కనబడకుండా పోవడం," అనేది. ఆయన తలూపుతూ టీవీ చూసేవాడు. పిల్ల తల వంచుకుని తినేది. వింటోందని మేడం ఎన్నడూ అనుకోలేదు.

వరండాలో అడుగుల చప్పుడై, ఆయన కిటికీ గది గుమ్మంలోకి వచ్చాడు.

"మాట్లాడింది," అన్నాడు.

"విన్నాను."

"నేనూ చెప్పాను దానికి. పిన్నికి ఏం తెలుసే, నలభై ఒకటి అని నంబరు తప్ప! ఎవరు రాశారో చూసి రాసిందా, పాడా? పనెక్కువై ముందు నాలుగు పేజీలు తిప్పి రాసేసి ఉంటుంది, నీదని తెలిస్తే అలా రాస్తుందా అన్నాను. నిన్న రాత్రే కాగితం మీద రాసి తలుపు కిందనుంచి తోశాను. చదువుకునే ఉంటుంది."

మేడం ఒళ్ళోని తొమ్మిదో పేజీ వైపు చూసింది.

"అంతేగా?" అన్నాడాయన.

ఆవిడ ఒళ్ళోని కాగితాలు సర్దుకుంది. సర్దిన కాగితాలనే మళ్ళీ సర్దింది.

"నువ్వు కూడా ఒక్కసారి ఆ ముక్క చెప్పేయ్. నాకు తెలియదమ్మా అను చాలు. ఆ పిల్ల మెత్తన, ఇట్టే కరిగిపోతుంది. సంచులు నేనే విప్పేస్తాను." ఆయన గొంతు తగ్గించాడు. "ఇది వెళ్ళిపోతే ఈ ఇంట్లో ఇక మనిద్దరమే. ఏం మాట్లాడుకుంటాం?"

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. మేడం మాత్రం మామూలుగా వినలేకపోయింది. ఆవిడకూ ఆ పిల్ల వెళ్ళడం ఇష్టం లేదు. పదకొండేళ్ళ పిల్లగా చూసింది, పన్నెండేళ్ళు పెంచింది. అది వెళ్ళిపోతుందంటే మూడు రోజులుగా ఆవిడకు ముద్ద దిగడం లేదు. ఒక్క అబద్ధంతో దాన్ని ఆపొచ్చు. పైగా ఆ అబద్ధం కూడా మొగుడే ఆడేసి పెట్టాడు, తను ఊఁ అంటే సరిపోతుంది.

ఈలోగా వీధిలో హారను మోగింది.

నాలుగింటికి వస్తానన్న మేనమామ మూడున్నరకే వచ్చేశాడు. ఆయనకు స్కూలు పిల్లలను తిప్పే వ్యాను ఉంది. పొద్దున్నే గడప గడపకీ వెళ్ళి పిల్లలను ఎక్కించుకునే అలవాటు వల్ల అన్నిటికీ అరగంట ముందుంటాడు. చనిపోయిన చెల్లెలి కూతురంటే ప్రాణం. చెల్లెలి స్థానంలోకి వచ్చినావిడను కూడా చెల్లెమ్మా అనే పిలుస్తాడు. ఎవరి మీదా కోపం పెట్టుకోవడం చేతకాని మనిషి.

"ఏం బావా, సామాను ఎంతుంది? సీట్లు రెండు మడిచేసి వచ్చాను," అంటూ లోపలికొచ్చి హాల్లో కూర్చున్నాడు.

"నువ్వయినా చెప్పవయ్యా దానికి. పుస్తకం ఒకటి బాగాలేదంటే ఇల్లొదిలి పోతారా ఎవరైనా?"

"నాకేం తెలుసు బావా, నేను పుస్తకం పట్టి చదివింది వ్యాను లైసెన్సు కోసమే. అయినా ఒక మాట చెప్పనా? ఏమీ అనుకోకు చెల్లెమ్మా. దెయ్యాల పుస్తకాలన్నీ గుట్టలుగా తెచ్చి ఇంట్లో పెట్టుకుంటే ఇంటికి మంచిదా? మా వ్యానులో ఒక పిల్లాడు ఏదో దెయ్యం బొమ్మల పుస్తకం తెచ్చాడు. వారం రోజులు ఎవడూ వెనక సీట్లో కూర్చోలేదు."

మామూలుగా అయితే మేడం నవ్వేది. "నేను టీ పెడతాను," అని వంటింట్లోకి వెళ్ళింది.

గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి వెలిగించింది. కిటికీ అవతల మబ్బు ఇంకా కిందికి దిగినట్టుంది. పెరట్లో తీగ మీద ఆరేసిన దుప్పట్లు నిండుగా గాలి పోసుకుని, ఎవరో లోపల నిలబడ్డట్టు ఉబ్బుతున్నాయి, మళ్ళీ ఖాళీ అవుతున్నాయి. నలభై ఒకటో నంబరులో ఊరు ఆవిడ కళ్ళ ముందు కదిలింది. ఆ ఊళ్ళో ఒక చట్టం ఉంది. ఇంటికి ఒక్క అమ్మే. ఆ అమ్మ పేరు రాసిన కార్డు ఆఫీసువాళ్ళు తెచ్చి తలుపుకు అంటిస్తారు. ఆ మనిషి బతికున్నా పోయినా కార్డు మాత్రం మారదు. తర్వాత ఆ ఇంటికి ఇంకో ఆవిడ వస్తే, ఆవిడ మెల్లమెల్లగా పలచబడుతుంది. ముందు గొంతు వినబడటం మానేస్తుంది. తర్వాత నీడ పడదు. ఆ తర్వాత అద్దంలో ఉండదు. బట్టలు మాత్రం మడతపెట్టి ఉంటాయి. పాలు కాగి ఉంటాయి. జ్వరమొచ్చిన పిల్ల నుదుటి మీద తడిగుడ్డ ఉంటుంది, వేసిన చెయ్యి ఉండదు.

వెనక చెంబు చప్పుడైంది. పిచ్చుక వచ్చి మంచినీళ్ళు ముంచుకుంటోంది. భుజానికి సంచి ఉంది. మూడు రోజులకే మొహం వాడిపోయింది.

మేడం గిన్నెలో పంచదార వేసింది.

"మీ ఆఫీసుకే ఎందుకు పంపానో తెలుసా?" అంది పిచ్చుక, చెంబులోకి చూస్తూ. "దెయ్యాలన్నీ మీ దగ్గరికే వస్తాయని నాకు తెలుసు. ఇంకెవరికో వెళ్ళే అవకాశం లేదు. అచ్చు కావాలని కాదు. మీరు చదువుతారని పంపాను."

"ఊఁ."

"బట్టలు ఎవరు ఉతుకుతున్నారని అడిగారు. నా నవలంతా అదే కదా. ఆవిడే ఉతుకుతోంది. రెండొందల పేజీలూ ఉతుకుతూనే ఉంది. చదివినవాళ్ళెవరూ ఆ ప్రశ్న వెయ్యరు. అంటే మీరు చదవలేదు." సంచి భుజం మీదకు ఎగదోసుకుంది. "వద్దన్నందుకు కాదు నాకు బాధ. నాన్న రాశాడు, మీకు తెలియదు, పనెక్కువై తిప్పేశారు అని. నిజమేనా? నిజమైతే చెప్పండి. సంచి దింపేస్తాను. మా ఆఫీసులోనూ అంతే, పనెక్కువైతే కాలు పెట్టని ఊళ్ళకు కూడా వీధులు గీసేస్తుంటాం. దానికి ఎవరి మీదా అలగక్కర్లేదు."

హాల్లోంచి మేనమామ గొంతు వినిపిస్తోంది. వానొచ్చేలా ఉంది, పరుపు తడుస్తుంది, ముందే ఎక్కించేద్దామా అంటున్నాడు. తండ్రి నీళ్ళు నములుతున్నాడు.

మేడం టీ పొడి డబ్బా మూత తీసింది. చెంచాతో పొడి తీసింది. దాన్ని నీళ్ళలో వెయ్యకుండా చేత్తో పట్టుకునే నిలబడింది. చెప్పాల్సిన అబద్ధం చాలా చిన్నది. ఒక తలూపు.

"నలభై మూడో పేజీలో తెలిసింది," అంది.

పిచ్చుక తలెత్తింది.

"వంటిల్లు అటు మార్చావు, మెట్లు ఇటు మార్చావు. ఇల్లు మొత్తం అద్దంలో చూసినట్టు తిప్పేశావు. పటాలు గీసేదానివి కదా, బాగా తిప్పావు. నలభై రెండు పేజీలు నాకు అనుమానమే రాలేదు. నలభై మూడులో ఆవిడ ఖాళీ గదిలోకి వెళ్ళబోతూ రెండు గోళ్ళతో తలుపు మీద కొడుతుంది. ఎవరూ లేని గదికి అనుమతి అడుగుతుంది అని రాశావు. అప్పుడు నా చెయ్యి చూసుకున్నాను. నేనలా కొడతానని నాకే తెలియదు."

"తర్వాత చదివారా?"

"చివరిదాకా. మూడుసార్లు."

పిచ్చుక చెంబు గట్టు మీద పెట్టింది. పెట్టడం నెమ్మదిగానే పెట్టింది.

"తెలిసే రాశావా? నాదని తెలిసే ఆ ముక్కలు రాశావా నువ్వు?"

పన్నెండేళ్ళలో ఆ పిల్ల ఆవిడను నువ్వు అనడం అదే మొదలు. కోపంలో అందో చనువుతో అందో తేల్చుకునే తీరిక మేడంకు లేదు.

"తెలిసే రాశాను. అడగాల్సింది కాదని తెలిసే బట్టల సంగతి అడిగాను. పందొమ్మిదేళ్ళలో నేను చదివిన దెయ్యాల్లో అంత నిజమైన దెయ్యం ఇంకోటి లేదు. రేపటి లోకాలు రాసినవాళ్ళెవరూ నా ప్రశ్నకు జవాబివ్వలేదు, నువ్వొక్కదానివే ఇచ్చావు. వేయవచ్చు అని టిక్కు పెట్టడానికి పెన్ను కూడా తీశాను."

"మరి?"

"పెడితే అచ్చవుతుంది. అచ్చయితే ఈ వీధంతా చదువుతుంది. మీ మామయ్య కూడా చదువుతాడు, ఎవరైనా చదివి వినిపిస్తే. అందరికీ తెలిసిపోతుంది, ఈ ఇంట్లో నేనెలా ఉంటున్నానో. ఎవరికీ కనబడనని నాకు తెలుసు. కనబడనని అందరికీ తెలియడం వేరు. సిగ్గేసింది. భయమేసింది." ఆవిడ చెంచాలోని పొడిని చివరికి నీళ్ళలో వేసింది. "మొదటిసారి చదివి ఒళ్ళు మండిపోయింది. రెండోసారి ఏడ్చాను. మూడోసారి ఆ కాగితాల మీద కుళ్ళు పుట్టింది, నాకు చెప్పని మాటలు వాటికి చెప్పావని. ఇంతగా నన్ను చూసిన పిల్లవి, గోళ్ళ చప్పుడు కూడా విన్నదానివి, ఒక్కనాడూ నన్ను పలకరించలేదేం?"

నీళ్ళు ఎర్రగా మరిగి పైకి వచ్చాయి. పిచ్చుకే చెయ్యి చాచి మంట తగ్గించింది.

"నాకు రాలేదు," అంది. "మొదట్లో పలకరిస్తే అమ్మకు కోపమొస్తుందనుకునేదాన్ని. ఫోటో వైపు చూసి మానేసేదాన్ని. తర్వాత పెద్దయ్యాను. అప్పటికి మాట్లాడటం అలవాటు తప్పిపోయింది. నోటితో రాదని తెలిసే రాశాను. రెండేళ్ళు రాశాను. నువ్వు మూడు ముక్కల్లో వద్దన్నావు."

మేడం పొయ్యి ఆపేసింది. తప్పు చేశానని చెప్పొచ్చు, అది అప్పటికే చెప్పేసింది. ఏడవాలనిపించింది గానీ, ఇప్పుడు ఏడిస్తే ఆ పిల్ల జాలిపడి ఆగిపోతుంది. అలా ఆపడం ఆవిడకు ఇష్టం లేకపోయింది.

పిచ్చుక సంచి సర్దుకుని హాల్లోకి నడిచింది. "పద మామయ్యా."

"టీ తాగి వెళ్దామే," అన్నాడు మేనమామ.

"తాగుదాం. వ్యానులో పరుపు ఎక్కించాక."

తండ్రి కూతురి మొహంలోకీ, వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య మొహంలోకీ మార్చి మార్చి చూశాడు. ఎక్కడ తీగ తెగిందో ఆయనకు అంతుపట్టలేదు. పరుపు ఒక కొస పట్టుకుని మోశాడు.

సామాను ఎక్కించడానికి ఎంతోసేపు పట్టలేదు. పుస్తకాల పెట్టె, బట్టల సంచులు రెండు, పరుపు, గీసుకునే బల్ల. వీధిలో గాలి చల్లగా ఉంది. పసుపు వ్యాను కిటికీల మీద పిల్లలు ఎప్పుడో అంటించిన కాగితపు పువ్వులు వెలిసిపోయి ఉన్నాయి. ఆ మబ్బు వెలుతుర్లో వీధి, ఇళ్ళు, గేట్లు అన్నీ ఎవరో తడిచేత్తో రుద్దినట్టు మెత్తబడి కనిపించాయి. మేడం గేటు పట్టుకుని నిలబడింది. ఇదంతా ఏదో రాతప్రతిలో చదువుతున్నట్టుంది, పేజీ తిప్పితే పిల్ల ఇంకా పదకొండేళ్ళదే అయి ఉంటుందేమో అనిపించింది.

ముందు సీట్లో కూర్చున్నాక పిచ్చుక కిటికీ అద్దం దించింది.

"పిన్నీ."

మేడం దగ్గరికి వెళ్ళింది.

"దాన్ని ఇంకో చోటికి పంపుతున్నాను. మీకు సిగ్గేస్తుందని మానుకోను. కానీ మీకు చెప్పకుండా కూడా పంపను."

మేడం వీధిలోకి చూసింది. ఎదురింటావిడ మేడ మీద బట్టలు తీస్తోంది. మూలమీది మందుల దుకాణం అతను షట్టరు సగం ఎత్తుతున్నాడు. వీళ్ళంతా చదువుతారు. చదివాక మర్నాడు తను ఈ వీధిలోనే కూరగాయల సంచి పట్టుకుని నడవాలి.

"పంపు," అంది.

"నిజంగానా?"

"నిజంగా. ఎలా తిరుగుతానో నాకు తెలియదు. అయినా పంపు."

పిచ్చుక సంచిలో వెతికి, రాయని తెల్లకాగితాల కట్ట ఒకటి తీసి కిటికీలోంచి అందించింది.

"మీరు రాసిన మూడు ముక్కల్లో ఒకటి నిజం. ఆవిడ నోరు విప్పదు. ఎందుకు విప్పదో తెలుసా? నేను రెండేళ్ళు ప్రయత్నించాను. ఆవిడ ఏం మాట్లాడుతుందో నాకు తెలియలేదు. ఒక అధ్యాయం ఖాళీ వదిలేసి పంపాను. మీరు రాయండి."

"నేనా?" అంది మేడం. "నేను ఎప్పుడూ ఏదీ రాయలేదు. అభిప్రాయాలు తప్ప."

"అభిప్రాయం వద్దు. ఆవిడ మాటలు కావాలి. అవి రాసి పంపండి. అప్పుడొస్తాను."

"రాయలేకపోతే?"

పిచ్చుక అద్దం ఎత్తేసుకుంది. మేనమామ టీ కప్పు గేటు గోడ మీద పెట్టి, తలొకసారి ఊపి, వ్యాను ముందుకు పోనిచ్చాడు. మలుపు దగ్గర వ్యాను వెనక ఎర్రదీపం ఒకసారి వెలిగి ఆరింది.

"ఏమంది? తెలియదని చెప్పావా మరి?" అన్నాడు ఆయన.

"తెలుసునని చెప్పాను."

అడగాల్సినవి చాలా ఉన్నాయని ఆయన మొహమే చెబుతోంది. ఆవిడ ఆగలేదు. లోపలికి వచ్చి, కిటికీ గదిలో నలభై ఆరో నంబరును పక్కకు జరిపి, తెల్లకాగితాలు ముందు పెట్టుకుంది. పెన్ను తీసింది. ఒక వాక్యం రాసి కొట్టేసింది. ఇంకోటి రాసి కొట్టేసింది. కొన్ని వందలమంది రాతలను చెండాడిన పెన్ను అది, ఇప్పుడు చిన్నపిల్లలా మొరాయిస్తోంది. దెయ్యం నోరు విప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? వచ్చిన రోజు నుంచే కదా.

వాన మొదలైంది. కొంతసేపటికి ఆయన వచ్చి గుమ్మం పక్కన కుర్చీలో కూర్చున్నాడు. దెబ్బలాడటానికి వచ్చాడో, తోడుకు వచ్చాడో ఆయనకే తెలిసినట్టు లేదు.

"ఏవండీ," అంది ఆవిడ, కాగితం మీంచి తలెత్తకుండా. "నేనీ ఇంటికి వచ్చిన మొదటిరోజు, గుమ్మం దగ్గర ఏమన్నానో మీకేమైనా గుర్తుందా?"

ఆయన నిజాయితీగానే ఆలోచించాడు. కళ్ళు మూసుకుని కూడా ఆలోచించాడు. వాన చప్పుడు పెరిగింది.

"నువ్వేమీ అనలేదనుకుంటా," అన్నాడు.

అంది. "లోపలికి రావచ్చా?" అని, ఆవిడకు ఒక్క అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఆ మాట అన్నది ఆయనతో కాదు, మెట్ల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్న ఒక పదకొండేళ్ళ పిల్లతో. ఆ రోజు ఆ పిల్ల తల కూడా ఎత్తలేదు. విన్నదో లేదో ఆవిడ ఇన్నేళ్ళలో అడగలేదు, ఇప్పుడు అడుగుదామంటే వ్యాను వెళ్ళి అరగంటయింది.